మురుగుకాలువకు వేసిన సున్న: మురుగునీటి హరితగృహ వాయు గణన పద్ధతులు – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

మురుగునీటి సేకరణ, శుద్ధి, విసర్జన దశల్లో వెలువడే మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ వాయువులను ప్రపంచ దేశాలు వాతావరణ మార్పులపై అంతర్ ప్రభుత్వ సంఘం (ఐపీసీసీ) రూపొందించిన మార్గదర్శకాల ప్రకారం లెక్కిస్తున్నాయి. 2006 నాటి మార్గదర్శకాల ఐదవ సంపుటంలోని ఆరవ అధ్యాయాన్నీ, దానికి 2019లో జరిగిన సవరణనూ ఈ వ్యాసం పాఠ్యంగా స్వీకరించి పరిశీలిస్తుంది. పారే మురుగుకాలువకు ఇచ్చిన సున్న విలువ, 'మంచి నిర్వహణ' అనే విశేషణం, ఒకే పట్టణపు కొలత నుంచి పుట్టిన నైట్రస్ ఆక్సైడ్ గుణకం అనే మూడు అంశాల ద్వారా, కొలవకపోవడం క్రమంగా లేకపోవడంగా ఎలా నమోదవుతుందో వివరించడం ఈ వ్యాస లక్ష్యం. భారతీయ నగరాల సందర్భంలో ఈ గణన పరిమితులను చర్చించి, సున్నకు బదులుగా ఏమి రాయవచ్చో ప్రతిపాదించడం జరిగింది.

కీలకపదాలు: మురుగునీరు, మీథేన్, నైట్రస్ ఆక్సైడ్, ఉద్గార గుణకం, ఐపీసీసీ, భూగర్భ మురుగుకాలువ, పారిశుధ్య కార్మికులు.

1. ఉపోద్ఘాతం:

ఒక దేశం వాతావరణంలోకి ఎంత హరితగృహ వాయువును వదులుతున్నదో చెప్పే సంఖ్యల్లో అత్యధికం నేరుగా కొలిచినవి కావు, లెక్కకట్టి రాబట్టినవి. జనాభా, ఆహారం, ఇంధనం వంటి గణాంకాలను కొన్ని గుణకాలతో హెచ్చవేస్తే ఉద్గారాల సంఖ్య వస్తుంది. కాబట్టి గుణకాల పట్టికను ఎవరు, ఏ ఆధారంతో తయారు చేశారన్నది సాంకేతిక ప్రశ్న మాత్రమే కాదు. ఏ వాయువు లెక్కకు వస్తుందో, ఏది రాదో అక్కడే నిర్ణయమైపోతుంది.

భారతదేశం 2024 డిసెంబరులో ఐక్యరాజ్యసమితికి సమర్పించిన నాలుగవ ద్వైవార్షిక నివేదిక ప్రకారం, 2020 సంవత్సరపు ఉద్గారాల్లో వ్యర్థాల రంగం వాటా 2.56 శాతం. వాటా చిన్నది కనుక ఈ రంగంపై విమర్శ అనవసరమని తోచవచ్చు. అయితే ఆ వాటా చిన్నదిగా కనిపించడానికి గణన పద్ధతి కూడా కొంత కారణమేమో పరిశీలించనిదే ఆ మాట అనలేము. ఈ వ్యాసం ఆ పరిశీలనకు పూనుకుంటుంది. మార్గదర్శకాలను తిరస్కరించడం దీని ఉద్దేశం కాదు. వాటిని ఒక పాఠ్యంగా చదివి, అందులోని పదాలు, అంకెలు, మౌనాలు ఏ అర్థాన్ని కల్పిస్తున్నాయో చూడడం దీని పద్ధతి.

2. గణన స్వరూపం:

మురుగునీటిలోని సేంద్రియ పదార్థాన్ని జీవరసాయన ఆక్సిజన్ అవసరం (బీఓడీ) అనే కొలమానంతో గుర్తిస్తారు. ఒక కిలో బీఓడీ పూర్తిగా వాయురహిత స్థితిలో కుళ్ళితే గరిష్ఠంగా 0.6 కిలోల మీథేన్ పుడుతుందని ఐపీసీసీ స్వీకరించింది. ఆచరణలో అంత మీథేన్ రాదు. ఎంత వస్తుందో నిర్ణయించేది 'మీథేన్ సవరణ గుణకం'. ఇది 0 నుంచి 1 వరకు ఉంటుంది. మురుగు ఏ మార్గంలో పోతున్నదో, ఏ పద్ధతిలో శుద్ధి అవుతున్నదో చూసి పట్టికలోంచి ఈ గుణకాన్ని ఎంచుకోవాలి. చివరగా, బురదగా తొలగించిన సేంద్రియ పదార్థాన్నీ, సేకరించి వాడుకున్న లేదా మండించిన మీథేన్‌నూ మినహాయిస్తారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. లక్ష జనాభా గల పట్టణం ఉందనుకుందాం. భారతదేశంలో ఒక మనిషికి రోజుకు 34 గ్రాముల బీఓడీ అని 2006 మార్గదర్శకాలు సూచించాయి. ఆ లెక్కన పట్టణానికి ఏడాదికి 1,241 టన్నుల బీఓడీ. దాని గరిష్ఠ మీథేన్ సామర్థ్యం సుమారు 745 టన్నులు. మినహాయింపులను పక్కన పెడితే, ఇళ్లన్నీ సెప్టిక్ ట్యాంకులపై ఆధారపడినప్పుడు గుణకం 0.5 కనుక 372 టన్నుల మీథేన్ వస్తుంది. నూరేళ్ల తాపన సామర్థ్యాన్ని 28గా తీసుకుంటే ఇది సుమారు 10,400 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. అదే పట్టణానికి భూగర్భ మురుగుకాలువలు వేసి, 'బాగా నిర్వహించే' వాయుసహిత శుద్ధి కేంద్రాన్ని కడితే 2006 పట్టిక ప్రకారం మీథేన్ సున్న.

మనుషులు, వారి ఆహారం, వారి విసర్జన ఏవీ మారలేదు. మురుగు పోయే దారి మారింది. అందువల్ల ఉద్గారం తగ్గుతుందనడంలో వాస్తవముంది. అయితే అది సున్నకు చేరుతుందన్న మాటను ప్రశ్నించవలసి ఉంది.

3. 'పారే కాలువ'కు సున్న:

2006 పట్టిక మురుగుకాలువలను రెండుగా విభజించింది. నిలిచిన మురుగుకాలువకు 0.5, పారే మురుగుకాలువకు 0. రెండోదానికి, అది తెరిచి ఉన్నా మూసి ఉన్నా, ఇదే విలువ. ఈ విభజన వెనుక ఒక సహజమైన ఊహ ఉంది. నిలిచిన నీరు కుళ్ళుతుంది, పారే నీరు గాలిని కలుపుకొని శుభ్రంగా ఉంటుంది అన్నది ఆ ఊహ. ఏరు, వాగుల విషయంలో ఇది చాలావరకు నిజం. మూసిన గొట్టం విషయంలో ఇది నిలబడదు.

భూగర్భ మురుగుకాలువ గోడకు లోపలివైపు సూక్ష్మజీవులతో కూడిన జిగటపొర పేరుకుంటుంది. పొర పైభాగంలో సల్ఫేట్‌ను క్షయకరించే బ్యాక్టీరియా పనిచేసి హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పుట్టిస్తుంది. సల్ఫేట్ చేరని లోతుల్లో మీథేన్ జనక సూక్ష్మజీవులు వృద్ధి చెందుతాయి. పల్లపు ప్రాంతం నుంచి పంపులతో మురుగును ఎత్తిపోసే పీడన గొట్టాల్లో నీరు గొట్టం నిండా ఉంటుంది, గాలికి చోటుండదు. ఆ నీరు కదులుతూనే ఉంటుంది. పట్టిక భాషలో అది 'పారే కాలువే'. రసాయనికంగా మాత్రం అది పొడవాటి వాయురహిత పాత్ర. అందులో పుట్టిన మీథేన్ నీటిలో కరిగి ప్రయాణించి, గొట్టం ముగిసి గాలి తగిలిన చోట, అంటే మ్యాన్‌హోల్‌లోనో శుద్ధి కేంద్రపు ముఖద్వారంలోనో, బయటపడుతుంది.

ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్ట్ ప్రాంతపు పీడన గొట్టాల్లో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జరిపిన కొలతలు 2008లో వెలువడ్డాయి. నీటిలో కరిగిన మీథేన్ గణనీయ స్థాయిలో ఉన్నదని అవి స్పష్టంగా చూపాయి. నీరు గొట్టంలో గడిపే కాలం పెరిగేకొద్దీ, నీటి పరిమాణంతో పోల్చినప్పుడు గోడ వైశాల్యం పెరిగేకొద్దీ మీథేన్ పెరుగుతుందని ఈ పరిశోధనలు నిర్ధారించాయి. కాబట్టి నిర్ణాయకమైనవి నీరు కదలడం, నిలవడం కావు. ఎంతసేపు గాలి లేకుండా ఉన్నది, ఎంత ఉష్ణోగ్రతలో ఉన్నది, ఎంత జిగటపొరను తాకింది అన్నవి ముఖ్యం. పట్టికలో ఈ మూడింటికీ చోటు లేదు.

2019 సవరణ నాటికి ఈ సాక్ష్యం అందుబాటులో ఉంది. అయినా మురుగుకాలువల కోసం సున్న కాని ప్రత్యేక గుణకం రాలేదు. గుణకం నిర్ణయించడానికి తగినంత సమాచారం లేకపోవడం అందుకు కారణం. ఈ కారణం న్యాయమైనదే. ఒకటి రెండు ప్రాంతాల కొలతలతో ప్రపంచమంతటికీ ఒక అంకెను నిర్ణయించడం శాస్త్రీయం కాదు. అయితే 'సమాచారం చాలదు' అన్న నిర్ణయానికీ, పట్టికలో కనిపించే 'సున్న'కూ అర్థంలో పోలిక లేదు. మొదటిది పరిశోధకుడి వినయం. రెండోది ఒక కొలత ఫలితంలా చదవబడుతుంది.

4. 'మంచి నిర్వహణ' అనే విశేషణం:

కేంద్రీకృత వాయుసహిత శుద్ధి కేంద్రాలను 2006 పట్టిక రెండు రకాలుగా చూసింది. బాగా నిర్వహించే వాటికి 0, సరిగా నిర్వహించని లేదా సామర్థ్యానికి మించి నడిచే వాటికి 0.3. పై ఉదాహరణలోని పట్టణానికి ఈ రెండో గుణకాన్ని వేస్తే ఏడాదికి 223 టన్నుల మీథేన్, అంటే సుమారు 6,250 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారం వస్తుంది. సున్నకూ 6,250 టన్నులకూ మధ్య ఉన్నది ఒక విశేషణం. ఆ విశేషణాన్ని ఎంచుకునేది చాలా సందర్భాల్లో నివేదిక తయారుచేసే అధికారి విచక్షణే.

భారతీయ స్థితిని ఈ కోణంలో చూడాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ప్రచురించిన జాబితా ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగునీరు పుడుతున్నది. నెలకొల్పిన శుద్ధి సామర్థ్యం 31,841 మిలియన్ లీటర్లు. వాస్తవంగా వినియోగంలో ఉన్నది 20,235 మిలియన్ లీటర్లు మాత్రమే. కాగితంపై ఉన్న సామర్థ్యానికీ నడుస్తున్న సామర్థ్యానికీ మధ్య ఇంత దూరమున్నచోట 'బాగా నిర్వహించే' అన్న గడిలో ఒక కేంద్రాన్ని చేర్చడానికి ఏ రుజువు కావాలో మార్గదర్శకం విడమరచి చెప్పలేదు.

2019 సవరణ వాయుసహిత కేంద్రాలకు 0.03 అనే గుణకాన్ని ఇచ్చింది. దాని అనిశ్చితి పరిధి 0.003 నుంచి 0.09 వరకు. ఇది ముఖ్యమైన మెరుగుదల. దీనితో మన పట్టణానికి సుమారు 625 టన్నుల సమాన ఉద్గారం వస్తుంది. శుద్ధి కేంద్రంలో చేసే ఏ కొలతలోనైనా మురుగుకాలువలో పుట్టి, నీటిలో కరిగి వచ్చిన మీథేన్ కొంత కలిసే ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి. అంటే మురుగుకాలువ లెక్క పూర్తిగా అదృశ్యం కాలేదు, కొంత భాగం మరో పేరుతో చేరింది. దారిలోని మ్యాన్‌హోళ్లు, పంపింగ్ కేంద్రాల నుంచి పోయిన భాగం మాత్రం ఏ పేరుతోనూ చేరలేదు.

5. నైట్రస్ ఆక్సైడ్ – ఒక ఊరి కొలత:

నైట్రస్ ఆక్సైడ్ విషయంలో పద్ధతి మరింత స్పష్టంగా బయటపడుతుంది. 2006 మార్గదర్శకాలు శుద్ధి కేంద్రాల నుంచి మనిషికి ఏడాదికి 3.2 గ్రాముల నైట్రస్ ఆక్సైడ్ వెలువడుతుందని చెప్పాయి. అదీ నత్రజనిని తొలగించే అధునాతన కేంద్రాలు ఎక్కువగా ఉన్న దేశాలు మాత్రమే లెక్కించవలసిన స్వల్ప అంశంగా పరిగణించాయి. ఈ 3.2 గ్రాములకు మూలం అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రం, డర్హమ్ పట్టణంలోని శుద్ధి కేంద్రంలో జరిగి, 1995లో ప్రచురితమైన ఒకే ఒక క్షేత్ర అధ్యయనం.

2019 సవరణ దీన్ని మార్చి, కేంద్రానికి వచ్చే నత్రజనిలో 1.6 శాతం నైట్రస్ ఆక్సైడ్ రూపంలో పోతుందని నిర్ణయించింది. ఈ మార్పు ఎంతటిదో చూద్దాం. రోజుకు 60 గ్రాముల ప్రోటీన్ తినే మనిషి నుంచి ఏడాదికి సుమారు 3.5 కిలోల నత్రజని మురుగులో చేరుతుంది. అందులో 1.6 శాతాన్ని నైట్రస్ ఆక్సైడ్‌గా మారిస్తే సుమారు 88 గ్రాములు. పాత గుణకంతో పోలిస్తే 27 రెట్లకు పైగా ఎక్కువ. లక్ష జనాభాకు, తాపన సామర్థ్యం 265 చొప్పున, పాత లెక్క 85 టన్నులైతే కొత్త లెక్క 2,300 టన్నులు దాటుతుంది. పదమూడేళ్ల వ్యవధిలో మనుషుల శరీరధర్మం మారలేదు. కొలిచిన చోట్లు పెరిగాయి, అంతే.

కొలిచే కాలం కూడా ముఖ్యమని నెదర్లాండ్స్‌లోని క్రాలింగ్‌సెవేర్ శుద్ధి కేంద్రంలో ఏడాదికి పైగా నిరంతరాయంగా జరిగిన పరిశీలన నిరూపించింది. అక్కడ వచ్చిన నత్రజనిలో 2.8 శాతం నైట్రస్ ఆక్సైడ్‌గా వెలువడింది. ఈ ఉద్గారం రుతువులను బట్టి తీవ్రంగా హెచ్చుతగ్గులకు లోనైంది. కొద్ది రోజుల కొలతతో ఏడాది సగటును చెప్పడం ఎంత ప్రమాదకరమో దీనివల్ల తెలుస్తుంది. 2019 గుణకానికి ఇచ్చిన అనిశ్చితి పరిధి 0.00016 నుంచి 0.045 వరకు ఉంది. కింది అంచుకూ పై అంచుకూ మధ్య 280 రెట్ల తేడా. ఈ పరిధిని నివేదికలు ప్రస్తావించినా, విధాన నిర్ణయాల్లోకి చేరేది మధ్యనున్న ఒక్క అంకె మాత్రమే.

6. విలువ ఉన్న మీథేన్, విలువ లేని మీథేన్:

హైదరాబాదులో మూసీ నది కాలుష్య నివారణ పథకం కింద నిర్మించిన అంబర్‌పేట (రోజుకు 339 మిలియన్ లీటర్లు), నాగోలు (172 మిలియన్ లీటర్లు) కేంద్రాలు వాయురహిత ఊర్ధ్వప్రవాహ పద్ధతిపై ఆధారపడినవి. ఈ పద్ధతిలో మురుగునీరు కింది నుంచి పైకి, సూక్ష్మజీవులతో నిండిన బురద పొర గుండా ప్రవహిస్తుంది. గాలిని ఊదే యంత్రాలు అవసరం లేదు కనుక విద్యుత్తు ఆదా అవుతుంది. పుట్టిన మీథేన్‌ను ఇంధనంగా వాడుకోవచ్చు. ఉష్ణదేశాలకు ఇది అనువైన పద్ధతి అనడంలో సందేహం లేదు.

ఐపీసీసీ పట్టికలో వాయురహిత రియాక్టర్ గుణకం 0.8. ఇందులోంచి సేకరించిన మీథేన్‌ను మినహాయించాలి. మినహాయింపు ఎంతన్నది కేంద్రంలోని గ్యాస్ మీటరు చెప్పాలి. మీటరు చదివిన అంకెకు బదులుగా రూపకల్పన పత్రంలోని అంకెను వేస్తే, నీటిలో కరిగి బయటికి పోయిన మీథేన్ కూడా సేకరించినట్లే లెక్కకు వస్తుంది. ఆ నీరు పాలిషింగ్ చెరువులోనో నదిలోనో గాలిని తాకగానే ఆ వాయువు తప్పించుకుంటుంది. క్రాలింగ్‌సెవేర్ పరిశీలన ఇక్కడ మరో హెచ్చరిక ఇస్తుంది. ఆ కేంద్రంలోని పరికరాల నుంచి లీకైన మీథేన్ ప్రభావం, బయోగ్యాస్ వాడకం వల్ల తప్పిన కార్బన్ డయాక్సైడ్ కంటే ఎక్కువని తేలింది. బురద కుళ్ళబెట్టే విభాగమే అందులో పెద్ద వాటాకు మూలం.

దీన్నిబట్టి ఒక సాధారణ సూత్రాన్ని గమనించవచ్చు. ఇంధనంగా పనికివచ్చే మీథేన్‌కు మీటరు ఉంది. గొట్టానికి హాని చేసే హైడ్రోజన్ సల్ఫైడ్‌పై ఇంజనీర్లకు చిరకాలంగా శ్రద్ధ ఉంది. ఎందుకంటే అది ఆమ్లంగా మారి కాంక్రీటు పైకప్పును తినివేస్తుంది, మరమ్మతు ఖర్చు తెస్తుంది. మురుగుకాలువలోని మీథేన్ అమ్మకానికి రాదు, గొట్టాన్ని తినదు. కొలవడానికి ఎవరికీ ఆర్థిక కారణం లేని చోట పట్టికలో సున్న చేరింది.

7. మ్యాన్‌హోల్ సాక్ష్యం:

ఈ గణనలో ఎక్కడా కనిపించని సాక్షి ఒకరున్నారు. మురుగుకాలువలోకి దిగే పారిశుధ్య కార్మికుడు. హైడ్రోజన్ సల్ఫైడ్ గాఢత పది లక్షల భాగాల్లో సుమారు 100 భాగాలకు చేరినప్పుడు వాసన పసిగట్టే శక్తి మొద్దుబారుతుంది. అందువల్ల దిగిన మనిషికి ప్రమాదం వాసన ద్వారా తెలియదు. మీథేన్ విషం కాకపోయినా ఆక్సిజన్‌ను తోసివేస్తుంది. గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది.

సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2014 మార్చి 27న ఇచ్చిన తీర్పు, 1993 నుంచి మురుగుకాలువల్లో మరణించిన వారి కుటుంబాలకు 10 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని ఆదేశించింది. అంతకుముందు ఏడాది, 2013లో, పార్లమెంటు చేసిన చట్టం రక్షణ లేకుండా మురుగుకాలువల్లో మనుషులను దించడాన్ని నిషేధించింది. 2023 అక్టోబరు 20 నాటి బలరామ్ సింగ్ కేసు తీర్పు పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది. అంటే మూసిన మురుగుకాలువ వాయురహిత స్థితికి చేరుతుందనీ, అందులో ప్రాణాంతక వాయువులు పుడతాయనీ న్యాయవ్యవస్థ రికార్డులో చేరి దశాబ్దం దాటింది.

ఇక్కడ తర్కంలో జాగ్రత్త అవసరం. హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నంత మాత్రాన మీథేన్ పరిమాణం ఎంతో చెప్పలేము. ఆ రెండింటినీ పుట్టించే సూక్ష్మజీవులు ఒకే ఆహారం కోసం పోటీ పడతాయి కూడా. కార్మికుల మరణాలు ఉద్గార గుణకానికి కొలత కాజాలవు. అవి నిరూపించేది ఒక్కటే. 'పారే కాలువ' వాయురహితం కాదన్న ఊహ తప్పు. ఆ ఊహ మీద నిలిచిన సున్నకు అంతకుమించిన ఆధారం లేదు. వాతావరణ నివేదిక రాసే కార్యాలయానికీ, మరణ పరిహారం లెక్కించే కార్యాలయానికీ మధ్య సమాచారం ప్రవహించి ఉంటే ఈ ఊహ ఇంతకాలం నిలిచేది కాదు. ఒకే గొట్టం గురించి రాజ్యం దగ్గర రెండు దస్త్రాలున్నాయి. ఒకదానిలో వాయువు లేదు, మరొకదానిలో వాయువు వల్ల మరణమున్నది.

8. సమర్థకుల వాదన – సమాధానం:

మార్గదర్శకాలను సమర్థించేవారు రెండు విషయాలు చెప్పవచ్చు. మొదటిది, పట్టికలోని విలువలు సమాచారం లేని దేశాల సౌకర్యం కోసం ఇచ్చినవి, సమాచారమున్న దేశం సొంత గుణకాలను వాడుకోవడానికి పై అంచెల పద్ధతులు ఉన్నాయి. రెండవది, 2019 సవరణ చూపినట్లు ఈ వ్యవస్థ తనను తాను సరిదిద్దుకుంటుంది.

రెండూ సమంజసమైనవే. అయితే ఐపీసీసీ పద్ధతిలో 'కీలక వర్గాల విశ్లేషణ' అనే మెట్టు ఉంది. మొత్తం ఉద్గారాల్లో 95 శాతానికి కారణమైన వనరులను గుర్తించి, మెరుగైన గణనకు కావలసిన శ్రమనూ నిధులనూ వాటికి ముందుగా కేటాయించాలి. సున్నగా నమోదైన వనరు ఈ జాబితాలోకి ఎన్నటికీ రాదు. జాబితాలోకి రానిదానికి కొలత నిధులు రావు. కొలత లేనందువల్ల సున్న కొనసాగుతుంది. 3.2 గ్రాములు చిన్నదే అయినా సున్న కాదు కాబట్టి దాన్ని పరీక్షించారు, తప్పని తేలింది. మురుగుకాలువ సున్నకు ఆ అవకాశం కూడా తక్కువ. పైగా పారిస్ ఒప్పందం కింద దేశాలు తప్పనిసరిగా అనుసరించవలసినవి 2006 మార్గదర్శకాలు. 2019 సవరణ వాడకం ఐచ్ఛికం. సరిదిద్దుకోవడం పాఠ్యంలో జరిగినంత వేగంగా ఆచరణలో జరగదు.

మరో సందేహానికీ జవాబు చెప్పాలి. ఈ విమర్శ భూగర్భ మురుగునీటి వ్యవస్థలు వద్దనే వాదనకు ఉపకరిస్తుందా? ఉపకరించదు. కొత్త గుణకాలతో లెక్కించినా మన పట్టణంలో శుద్ధి కేంద్రపు మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ కలిసి దాదాపు 3,000 టన్నులే. సెప్టిక్ ట్యాంకుల 10,400 టన్నులతో పోలిస్తే ఇది తక్కువ. ప్రజారోగ్య ప్రయోజనం దీనికి అదనం. కానీ '10,400 టన్నులు తగ్గించాం' అని ప్రకటించడానికీ, 'సుమారు 7,400 టన్నులు తగ్గించాం, కాలువల్లో పుట్టే మీథేన్ ఇంకా అంచనా వేయలేదు' అని ప్రకటించడానికీ తేడా ఉంది. రెండో వాక్యం కార్బన్ క్రెడిట్ల అంగడిలో తక్కువ ధర పలకవచ్చు, కానీ అదే నిజానికి దగ్గర.

ముగింపు:

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

• పారే మురుగుకాలువకు ఇచ్చిన సున్న విలువ కొలత ఫలితం కాదు. నిలిచిన నీరు, పారే నీరు అన్న విభజనపై ఆధారపడిన ఊహ. పీడన గొట్టాల అధ్యయనాలు ఆ ఊహను నిలబడనీయలేదు.

• 'మంచి నిర్వహణ' వంటి విశేషణాలు గుణకాన్ని నిర్ణయించే చోట, ఆ విశేషణానికి కావలసిన రుజువును కూడా నిర్దేశించాలి. భారతీయ శుద్ధి కేంద్రాల వినియోగ గణాంకాలు ఈ అవసరాన్ని బలపరుస్తున్నాయి.

• నైట్రస్ ఆక్సైడ్ గుణకంలో వచ్చిన మార్పు, ఒకే చోటి కొలతను సార్వత్రికం చేయడంలోని ప్రమాదాన్ని చూపుతుంది.

• దేశాల నివేదికల్లో ఖాళీ గడులకు వాడే సంకేతాలు ఇప్పటికే ఉన్నాయి. 'జరగడం లేదు', 'అంచనా వేయలేదు', 'మరోచోట చేర్చాం' అన్నవి వేర్వేరు సంకేతాలు. మురుగుకాలువల మీథేన్‌కు తగినది సున్న కాదు, 'అంచనా వేయలేదు' అన్న సంకేతమే. దీనికి కొత్త పరిశోధన కూడా అవసరం లేదు.

• తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్, పర్యావరణ విభాగాల పరిశోధకులు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల పంపింగ్ కేంద్రాల్లో కరిగిన మీథేన్‌ను రుతువుల వారీగా కొలవడం చేపట్టదగిన పని. కార్మికుల భద్రత కోసం మ్యాన్‌హోళ్ల వద్ద తీసుకోవలసిన వాయు కొలతలను భద్రపరిస్తే అవి ఏ చోట్ల ముందుగా కొలవాలో సూచించగలవు.

లెక్క తప్పయితే సరిచేయవచ్చు. లెక్కే వేయలేదన్న సంగతిని అంకె కప్పివేసినప్పుడు సరిచేయవలసినది ఉన్నదని కూడా తెలియదు. ఈ అధ్యాయపు తదుపరి సవరణలో ముందుగా మారవలసినది ఆ సున్న.